డిశ్చార్జ్ గొడవ అడ్మిషన్ రోజునే మొదలవుతుంది

ప్రశ్న:

మేడమ్ గారూ, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. రెండు నెలల కిందట మా నాన్నగారికి విజయవాడ సూర్యారావుపేటలో హెర్నియా ఆపరేషన్ చేయించాం. అమ్మానాన్నలిద్దరికీ కలిపి 3 లక్షల ఆరోగ్య బీమా పాలసీ నాలుగేళ్ళుగా కడుతున్నాం. అడ్మిషన్ కౌంటర్లో "క్యాష్‌లెస్సే కదమ్మా, బిల్లు ఇన్సూరెన్స్ వాళ్ళే కడతారు, ఏసీ సింగిల్ రూమ్ తీసుకోండి" అంటే సరేనన్నాం. డిశ్చార్జ్ రోజున పొద్దున తొమ్మిదింటికి డాక్టరుగారు ఇంటికెళ్ళిపొమ్మన్నారు. మేం బయటపడేసరికి రాత్రి ఎనిమిదిన్నర. బిల్లు 1,40,000 అయితే బీమా కంపెనీ 82,000 ఇచ్చింది. మిగతా 58,000 మా ఆడపడుచు దగ్గర తెచ్చి కట్టాం. ఎందుకు కోశారని అడిగితే "పాలసీ రూల్స్ అండీ" అన్నారంతే. ఇప్పుడు అమ్మకి పిత్తాశయంలో రాళ్ళు, వచ్చే నెల ఆపరేషన్. అమ్మకి ఏడేళ్ళుగా బీపీ ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు "బీపీ అందరికీ ఉండేదే, రాయక్కర్లేదు" అన్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఆ సంగతి చెప్పాలా, వద్దా? తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చిన పాలసీ ఉంది, అందులో అమ్మానాన్నల పేర్లున్నాయంటాడు. అది ఎలా పనికొస్తుందో తెలీదు. ఈసారి మేం ఏం చేయాలి?

— ఒక కూతురు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీరు పంపిన బిల్లు ఫొటోలు పెద్దవి చేసుకుని లైను లైనూ చూశాను. విజయవాడలో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో పదకొండేళ్ళు కూర్చున్నదాన్ని, ఆ కాగితాల భాష నాకు అలవాటే. ముందు మీ 58,000 ఎటు పోయాయో చెప్తాను. అది తెలిస్తే అమ్మగారి విషయంలో సగం పని అయినట్టే.

మీ పాలసీ 3 లక్షలది. అందులో గది అద్దె రోజుకి ఒక శాతం మించకూడదని ఉంది, అంటే 3,000. మీరున్న గది 6,000. నాలుగు రోజులకి 24,000 అయితే కంపెనీ 12,000 ఇచ్చింది. గ్లవ్స్, మాస్కులు, అడ్మిషన్ కిట్టు, ఫైలు ఛార్జీ లాంటివి 6,000 ఉన్నాయి. కంపెనీలు ఇవ్వనక్కర్లేని ఇలాంటి వస్తువులు 68 అని, బీమా కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ జాబితాయే ఉంది. విడిగా రైడర్, అంటే పాలసీకి అదనపు కవరు, తీసుకుంటే తప్ప అవి మన జేబులోంచే. అసలు దెబ్బ మూడోది. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్, డాక్టర్ల విజిట్లు అన్నీ కలిపి 80,000. మీరున్న గది మీ పరిమితికి రెట్టింపుది కాబట్టి వీటిని కూడా సగానికి సగం కోసి 40,000 లెక్కగట్టారు. దీన్ని ప్రొపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మందులు, హెర్నియాకి వేసిన మెష్ (వల), టెస్టులు కలిపి 30,000 మాత్రం పూర్తిగా ఇచ్చారు, వాటికి ఈ కోత వర్తించదు. ఐసీయూ ఛార్జీలకీ ఈ కోత పెట్టకూడదు. ఇప్పుడు కూడి చూడండి. 12,000, 6,000, 40,000. సరిగ్గా మీరు కట్టిన 58,000.

రోజుకి మూడు వేలు ఎక్కువైతే నాలుగు రోజులకి పన్నెండు వేలేగా అని ఆ రోజు మీరు అనుకుని ఉంటారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ గది మీకు యాభై రెండు వేలకి పడింది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి మీ పాలసీలో ఏముందో తెలీదు, ఏ గది ఖాళీ ఉంటే అది చెప్తాడు. సాయంత్రం ఫైనల్ అప్రూవల్ వచ్చాక కోత గురించి మీతో మాట్లాడాల్సింది నాలాంటి డెస్కు మనిషి. అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు. పదకొండేళ్ళలో నా బల్ల ముందు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది పోగొట్టుకున్నది డిశ్చార్జ్ రోజున కాదు, అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టిన మొదటి పది నిమిషాల్లో. అందుకే అమ్మగారి విషయంలో నా బెంగంతా ఆ పది నిమిషాల గురించే.

అయితే ఆ 40,000 కోతని మీరు అడగడానికి ఒక దారి ఉంది. గది మారితే సర్జన్ ఫీజూ థియేటర్ ఛార్జీలూ మారే ఆసుపత్రుల్లోనే ఈ కోత పెట్టాలని, జనరల్ వార్డు అయినా సింగిల్ రూమ్ అయినా ఒకే రేటు వేసే ఖర్చులకి పెట్టకూడదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. కాబట్టి ఆసుపత్రికి వెళ్ళి హెర్నియా ఆపరేషన్‌కి గదులవారీ రేట్లు కాగితం మీద అడగండి. వార్డులోనూ సింగిల్ రూములోనూ సర్జన్ ఫీజు ఒకటేనని తేలితే అదే రాయించి, స్టాంపు వేయించి, బీమా కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడినది లెక్కలోకి రాదు, మెయిలే సాక్ష్యం. కోత దేనికి ఎంతో విడివిడిగా చూపే సెటిల్మెంట్ లెటర్ కూడా అడగండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆ పైన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన ఆంధ్రకి హైదరాబాద్ ఆఫీసే. 50 లక్షల దాకా తగాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. 40,000 కోసం ఇంత తిరగాలా అని మీకనిపిస్తుందేమో. మీరు అప్పు తెచ్చి కట్టిన డబ్బమ్మా అది, అడగండి.

ఆ రేట్లు గదిని బట్టి మారేవే అని తేలితే మాత్రం ఆ కోత నిలుస్తుంది. అప్పుడు రెండో దారి మీ తమ్ముడి పాలసీ. ఒకే ఆసుపత్రి ఖర్చుకి రెండు పాలసీలు ఉంటే ముందు దేన్ని వాడాలో ఎంచుకునే హక్కు మనదే. మొదటిదాంట్లో ఇవ్వని మొత్తాన్ని రెండోదాంట్లో అడగొచ్చు, రెండోదాని షరతులకి లోబడి. నాన్నగారి పేరు అందులో ఉంటే మొదటి కంపెనీ సెటిల్మెంట్ లెటరు, బిల్లుల నకళ్ళు ఆసుపత్రి స్టాంపుతో, డిశ్చార్జ్ సమ్మరీ కలిపి వాళ్ళ హెచ్.ఆర్. ద్వారా రీయింబర్స్‌మెంట్, అంటే మనం కట్టిన డబ్బు తిరిగి ఇమ్మనే క్లెయిము, పెట్టమనండి. రెండు నెలలు దాటింది కాబట్టి "ఇంతకుముందు తెలియలేదు, మొదటి కంపెనీ లెక్క తేలాక పెడుతున్నాం" అని ఆలస్యానికి కారణం ఒక కాగితం మీద రాసి జతచేయండి. ఉత్త ఆలస్యం సాకుతోనే న్యాయమైన క్లెయిమును తోసేయడానికి లేదు. గది అద్దె పరిమితి ఆ పాలసీలోనూ ఉండొచ్చు, తల్లిదండ్రులకి పదో ఇరవయ్యో శాతం కో-పే, అంటే బిల్లులో మనం భరించాల్సిన వాటా, ఉండొచ్చు. వచ్చినంత వస్తుంది.

ఇప్పుడు అమ్మగారి బీపీ.

ఆసుపత్రిలో చెప్పండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మత్తు ఇచ్చే డాక్టరుకి ఆవిడ రోజూ ఏ మాత్ర ఎంత మోతాదులో వేసుకుంటున్నారో తెలియాలి. కొన్ని రకాల బీపీ మాత్రలు ఆపరేషన్ పొద్దున ఆపమంటారు, కొన్నిటిని కాసిని నీళ్ళతో వేసుకోమంటారు. ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి, మన భయం తీసుకోకూడదు. డబ్బు కోసం దీన్ని దాచొద్దు, దయచేసి.

చెప్పడంలో పద్ధతి ఉంది. నా కళ్ళ ముందు ఎన్నోసార్లు జరిగింది ఇది. రాత్రి పదకొండింటికి పెద్దాయన్ని తీసుకొస్తారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు పెన్ను చేతిలో పట్టుకుని "షుగర్ ఉందా? ఎప్పట్నుంచి?" అని అడుగుతాడు. పక్కనున్న బావమరిది హడావుడిలో "ఎప్పట్నుంచోనండీ, పదేళ్ళు ఉంటది" అంటాడు. నిజానికి షుగరు బయటపడి నాలుగేళ్ళే. పాలసీకి అయిదేళ్ళు. కేస్ షీటులో 'పదేళ్ళు' అని పడిపోతుంది. మర్నాడు టీపీఏ నుంచి, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ నుంచి, క్వెరీ వస్తుంది: పాలసీ తీసుకునేనాటికే జబ్బు ఉందా, ఎందుకు చెప్పలేదు? ఇక ఆ ఒక్క మాటని దిద్దించడానికి మొదటిసారి షుగరు తేలిన రిపోర్టు వెతకాలి, చూస్తున్న డాక్టరు చేత సంతకం, సీలుతో సర్టిఫికెట్ రాయించాలి. కేస్ షీటులో కొట్టివేసి పైన రాస్తే ఇంకా అనుమానం పెరుగుతుంది. ఈలోగా క్యాష్‌లెస్ ఆగిపోతుంది. కాబట్టి అమ్మగారి గురించి జవాబు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి మీరే అవ్వండి. ఏడేళ్ళా, ఆరున్నరా? మొదటి చీటీ మీద తారీకు చూసి చెప్పండి. కడుపునొప్పి మొదటిసారి ఎప్పుడు వచ్చిందో, రాళ్ళు స్కానింగులో ఎప్పుడు తేలాయో కూడా అంతే. స్కానింగ్ రిపోర్టు మీద తారీకు ఉంటుంది.

అయితే పాలసీ ఫారంలో బీపీ రాయలేదు కదా, దాని సంగతేమిటి? నిజం చెప్తాను. అది ఇబ్బందే. ఏజెంటు నోటిమాటతో చెప్పినది మీకు రక్షణ కాదు, ఫారం మీద సంతకం మీ ఇంటివాళ్ళది. పాలసీ ఆపకుండా 60 నెలలు కడితే, మోసం రుజువైతే తప్ప చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తిరస్కరించడానికి వీల్లేదన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది, అంతకుముందు ఎనిమిదేళ్ళు ఉండేది. మీకు నాలుగేళ్ళే అయింది. పిత్తాశయంలో రాళ్ళకీ బీపీకీ సంబంధం లేదు, ఆ మాట డాక్టరుగారు రాసివ్వగలరు, అది పనికొస్తుంది కూడా. కానీ కంపెనీ క్వెరీ వేయదని నేను మాటివ్వలేను.

అందుకే అమ్మగారి ఆపరేషన్‌కి ముందు మీ తమ్ముడి పాలసీని చూడమంటాను. కంపెనీలు ఉద్యోగులకి తీసుకునే గ్రూపు పాలసీల్లో చాలావాటికి పాతజబ్బుల వెయిటింగ్, అంటే ఆ జబ్బులకి క్లెయిము ఇవ్వకుండా ఆపే తొలి కాలం, ఉండదు, మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. తమ్ముడిని ఈ నాలుగు అడగమనండి: అమ్మ పేరు, పుట్టినతేదీ సరిగ్గా ఎక్కాయా, గది పరిమితి ఎంత, తల్లిదండ్రులకి కో-పే ఎంత, పిత్తాశయం ఆపరేషన్‌కి విడిగా ఏమైనా పరిమితి ఉందా. ఈ-కార్డు ఫోన్లోకి తెప్పించుకోండి. పేరు మాత్రం ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఆధార్లో సుబ్బాయమ్మ, పాలసీలో వెంకట సుబ్బమ్మ, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట అసలు లేదు. మన వైపు పెద్దవాళ్ళందరికీ ఉండే బాధే ఇది. అడ్మిషన్ రోజున బయటపడితే ఒక పూట పోతుంది, ఇప్పుడు చూసుకుంటే ఒక మెయిల్‌తో అయిపోతుంది.

మీ సొంత పాలసీలో బీపీ సంగతి కూడా ఇక దాచి ఉంచొద్దు. రెన్యువల్ వచ్చేలోపు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం కొంత పెంచొచ్చు, ఆ జబ్బుకి వెయిటింగ్ పెట్టొచ్చు. రేపు అమ్మగారికి గుండె సమస్యో పక్షవాతమో వచ్చి, అప్పుడు బీపీ దాచారని మొత్తం కొట్టేస్తే పడే దెబ్బతో పోలిస్తే ఇది చిన్నది.

ఇక అడ్మిషన్ సంగతి. ఇది ముందే తెలిసిన ఆపరేషన్ కాబట్టి మీ చేతిలో సమయం ఉంది, అదే పెద్ద అదృష్టం. తారీకు ఖాయమవ్వగానే, కనీసం రెండు మూడు రోజుల ముందు, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కుకి వెళ్ళండి. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడ డిశ్చార్జుల రద్దీ, ఎవరూ తలెత్తి మాట్లాడలేరు. ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా వెళ్తే నిదానంగా చెప్తారు. మీ పాలసీకి ఇక్కడ క్యాష్‌లెస్ ఉందా, పరిమితికి లోబడి ఏ గది వస్తుంది, ఈ ఆపరేషన్ ప్యాకేజీయా (అన్నీ కలిపి ఒకే రేటా), ప్యాకేజీ అయితే అందులో ఏవి కలవవు, మొత్తం ఎంతవుతుంది, ఇవి అడిగి అంచనా కాగితం మీద తీసుకోండి. 3,000 పరిమితి ఉన్న చోట 2,800 గది దొరికితే అదే తీసుకోండి. ఖాళీ లేదు, పైదానికి వెళ్ళండంటే "మా అర్హత గది ఖాళీ లేక పైగది ఇచ్చారు, మా గది రేటే వేస్తారా?" అని అడగండి. వేస్తామంటే రాయించుకోండి. నేను కూర్చున్న చోట అలా రాసిచ్చిన సందర్భాలున్నాయి, అడిగినవాళ్ళకే.

క్యాష్‌లెస్‌కి కంపెనీ అనుమతి ముందే అడిగే ప్రీ-ఆథరైజేషన్ ఫారంలో డాక్టరు నింపే పేజీ ఒకటుంటుంది. దానికింద పేషెంటు తరఫు సంతకం మీదే. సంతకానికి ముందు చదవండి: జబ్బు పేరు, ఎన్నాళ్ళ నుంచి, బీపీ ఎన్నాళ్ళ నుంచి. ఫారం పంపాక గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలని 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. మొదట వచ్చే అప్రూవల్ చిన్నదిగా ఉంటే కంగారు పడొద్దు. లక్ష అంచనా పంపితే ముప్పై వేలకి ముందు అప్రూవల్ ఇవ్వడం మామూలే, మిగతాది ఫైనల్ బిల్లు చూశాక ఇస్తారు. ఒకవేళ క్యాష్‌లెస్ కుదరదంటే క్లెయిము పోయినట్టు కాదు. క్యాష్‌లెస్ తిరస్కరించడం వేరు, క్లెయిము తిరస్కరించడం వేరు. డబ్బు కట్టి, కాగితాలు పెట్టి తిరిగి తీసుకోవచ్చు. ఈ తేడా తెలియక మంచి క్లెయిములు వదిలేసుకున్న కుటుంబాలను చూశాను.

క్యాష్‌లెస్ ఉన్నా కొన్నిచోట్ల డిపాజిట్ కట్టమంటారు. కడితే రసీదు మీద 'డిపాజిట్' అనే రాయించండి. కార్డుతోనో యూపీఐతోనో కట్టండి, ఎలాగూ రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఎవరికీ వీల్లేదు.

డిశ్చార్జ్ రోజున పదకొండున్నర గంటలు ఎందుకు పట్టిందో కూడా చెప్తాను. డాక్టరుగారు రౌండ్స్‌లో వెళ్ళొచ్చు అనడంతో మొదలవుతుంది. డ్యూటీ డాక్టరు సమ్మరీ తయారుచేయాలి, పెద్ద డాక్టరు ఓపీ మధ్యలో చూసి సంతకం పెట్టాలి. వార్డులో మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు సిస్టరు లెక్కగట్టి ఫార్మసీకి తిప్పి పంపాలి, ఫార్మసీ క్లియరెన్స్ ఇవ్వాలి. ల్యాబులో పెండింగ్ రిపోర్టు ఉంటే అది రావాలి. అప్పుడు బిల్లింగ్. అప్పుడు గానీ ఫైలు మా డెస్కుకి రాదు, మేం కంపెనీకి అప్‌లోడ్ చేయము. ఆసుపత్రి నుంచి ఫైలు అందాక మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని అదే సర్క్యులర్ చెప్తోంది. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా గది అద్దె వేస్తే ఆ భారం కంపెనీదే. ఈ మూడు గంటలు డాక్టరు చెప్పిన తొమ్మిదింటి నుంచి కాదు, ఫైలు పంపిన క్షణం నుంచి లెక్క. మీ నాన్నగారి ఫైలు ఎన్నింటికి వెళ్ళిందో మీకెవరూ చెప్పలేదు. నాకు తెలిసినంతలో చాలా ఫైళ్ళు మధ్యాహ్నం రెండు దాటాకే కదులుతాయి.

కాబట్టి డాక్టరుగారు "రేపు పంపించేద్దాం" అన్న సాయంత్రమే కదలండి. ఆ రాత్రే సమ్మరీ డ్రాఫ్టు తయారుచేయమని డ్యూటీ డాక్టరుని బతిమాలండి. మిగిలిన మందులు రాత్రే ఫార్మసీకి తిప్పమని సిస్టరుని అడగండి. పొద్దున ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే ప్రశ్న, మర్యాదగా: "ఇక్కణ్ణుంచి ఎన్నింటికి వెళ్ళిందమ్మా?" ఇన్సూరెన్స్ డెస్కులో "కంపెనీకి ఎన్నింటికి పంపారు?" అని అడిగి ఆ టైము ఫోన్లో రాసుకోండి. మూడు గంటలు దాటగానే కార్డు వెనకున్న నెంబరుకి ఆ టైము చెప్పి ఫోన్ చేయండి. క్వెరీ వచ్చిందంటే ఏం అడిగారో చూపించమనండి, చాలాసార్లు అది పాత స్కానింగ్ రిపోర్టో బీపీ మొదటి చీటీయో అయి ఉంటుంది, మీ సంచిలో ఉంటే పది నిమిషాల పని.

బిల్లు మొత్తం అంకె మీద సంతకం పెట్టకండి, ఏ వస్తువు ఎంతో విడమర్చిన బిల్లు ఇవ్వమనండి. అది పేషెంటు హక్కు. మందులు బయట కొనుక్కునే హక్కు, బిల్లు తగాదా ఉందని మనిషిని ఆపేయకుండా ఇంటికెళ్ళే హక్కు కూడా కేంద్ర ఆరోగ్యశాఖ ఆమోదించిన పేషెంట్ల హక్కుల పత్రంలో ఉన్నాయి. గట్టిగా అరిచి అడగక్కర్లేదు, తెలుసన్నట్టు అడిగితే చాలు.

సమ్మరీ చేతికొచ్చాక కుర్చీలో కూర్చుని చదవండి. పేరు, వయసు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, బీపీ ఎన్నాళ్ళని రాశారు, ఏ ఆపరేషన్ అని రాశారు. గేటు దాటాక దిద్దించడం చాలా కష్టం. ఇక్కడ మా ఇంట్లో జరిగినది చెప్పాలి. మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ ఒకచోట చేయించాం, డబ్బు కట్టి తర్వాత తీసుకునే పద్ధతిలో. కంట్లో వేసిన లెన్స్ డబ్బా మీద చిన్న స్టిక్కరు ఉంటుంది, దాని మీద నెంబరు ఉంటుంది. దాన్ని కేస్ షీటుకి అతికించి ఒకటి మనకివ్వాలి. వాళ్ళు ఇవ్వలేదు, ఆ హడావుడిలో నేనూ అడగలేదు. నెల తర్వాత వెళ్తే డబ్బా చెత్తలో పోయిందన్నారు. లెన్సు డబ్బులు కంపెనీ ఇవ్వలేదు. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు, "పోనీలేమ్మా, కన్ను కనబడుతోందిగా" అంది. నాకు ఇప్పటికీ బాధే. మెష్, స్టెంటు, లెన్సు, మోకాలి చిప్ప ఏది వేసినా ఆ స్టిక్కరు, దాని బిల్లు అడిగి తీసుకోండి. పిత్తాశయం ఆపరేషన్‌లో అలాంటిది సాధారణంగా ఉండదు గానీ, తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపుతారు, ఆ రిపోర్టు వారం పది రోజులకి వస్తుంది. తెచ్చుకోవడం మర్చిపోకండి, డబ్బుకన్నా అమ్మగారి కోసం.

కేస్ షీటు నకలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలో 2002 నుంచీ ఉంది.

ఇంటికొచ్చాక కూడా పాలసీ పనిచేస్తూనే ఉంటుంది. చాలా పాలసీల్లో చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజుల ఖర్చులు కలుస్తాయి. మీరు గుంటూరు కొత్తపేటలో చేయించిన స్కానింగ్, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు, తర్వాత కొన్న మందులు, కుట్లు తీసేటప్పటి ఫీజు, అన్నీ అమ్మగారి పేరు మీద బిల్లు ఉంటేనే. మందుల షాపులో చీటీ మీద పేరు రాయకుండా ఇచ్చేస్తుంటారు, రాయమని అడగండి. నాన్నగారికి రెండు నెలలయింది కాబట్టి ఆ బిల్లులు ఇంట్లో ఉంటే ఈ వారమే పెట్టేయండి.

మీ ఇంట్లో రైస్ కార్డు ఉంటే ఇంకో మాట. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునేది, ఉన్న ఆసుపత్రిలో దానికి విడిగా డెస్కు ఉంటుంది. ఈ ఆపరేషన్ అందులో వస్తుందా అని చేరడానికి ముందే అడగండి. చేరాక మధ్యలో మార్చుకోవడం తలనొప్పి.

వచ్చే రెన్యువల్‌కి గది పరిమితి లేని పాలసీకి మారే ఆలోచన చేయండి. పోర్టబిలిటీలో, అంటే పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకున్నప్పుడు, ఇప్పటికే గడిచిన వెయిటింగ్ కాలం వృథా పోదు. నెలన్నర ముందే అప్లై చేయాలి, ఫారంలో బీపీ రాయాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, ఆ మిగిలిన డబ్బుతో బీమా మొత్తం కొంచెం పెంచుకోవచ్చు కూడా.

ఈ ఆదివారం ఒక పని చేయండి. అమ్మగారి బీపీ మొదటి చీటీ వెతకండి. పాత బ్యాంకు పాసుపుస్తకాల మధ్యనో, దేవుడి గూట్లో పంచాంగం కిందో ఉంటుంది, పెద్దవాళ్ళు అలాంటివి పారేయరు. దొరికాక ఫొటో తీసి తమ్ముడికి పంపండి, అసలుది ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి.